సత్తయ్య సారు అడిగిన మూడేళ్లు

జడ్చర్ల చౌరస్తాలో బండి మీద బత్తాయిలు ఒలుస్తున్న వాసన తగిలితే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది. తప్పు పండుది కాదు. మా ఫుట్‌బాల్ కోచ్ సత్తయ్య సారు నల్లగొండ దిక్కు మనిషి. తన తోటలో కాసిన బత్తాయిలను సంచిలో తెచ్చి, సగం ఆట అయ్యాక కోసి పంచేవాడు. ఆడినవాళ్లకు మాత్రమే. గీత బయట కూర్చున్నవాళ్లకు తొన కూడా లేదు. ఆయన ఉన్న ఏడాది దాదాపు అంతా నేను గీత బయటే కూర్చున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఊరి జట్టు పేరుకే మిగిలి ఉంది. బాగా ఆడేవాళ్లు హైదరాబాద్ నౌకరీలకు పోయారు. ఎటూ పోలేని నేను, గోలు కాసే గోలీ శ్రీను, ఇంకొందరు మిగిలాం. మందుల కంపెనీలో షిఫ్టు దిగి నేరుగా గ్రౌండుకు వచ్చే నేను కెప్టెన్‌ని. గ్రౌండు అంటే మా క్లబ్బు అధ్యక్షుడు నర్సింలు ప్లాట్ల కోసం కొని వదిలేసిన ఖాళీ జాగా. కొత్త కోచ్ వస్తే కప్పు వస్తుందని, కప్పుతో తన ఫోటో ఫ్లెక్సీ మీద పడుతుందని ఆయన ఆశ. జట్టు మళ్లీ నిలబడితే చాలునని నా ఆశ.

మా దగ్గర కొత్తగా ఎవరు వచ్చినా ముందు శాలువ కప్పాలి, తరువాతే పని. ఆ శాలువ కోసం నేను సెలవు పెట్టి మహబూబ్‌నగర్ పోయి, దుకాణాలన్నీ తిరిగి ఎర్ర అంచుది తెచ్చాను. నర్సింలు దాన్ని కెమెరా వైపు చూస్తూ కప్పాడు. సత్తయ్య సారు వెంటనే తీసి, మడత పెట్టి కుర్చీలో పెట్టాడు.

"గిది నాకెందుకయ్యా? నేనింకా ఏం జేసిన? పిల్లలు ఆట నేర్చినంక కప్పుండ్రి, కప్పుకుంట."

శ్రీను నా చెవిలో, "కెప్టెన్, నీ శాలువ గోలుకు కడదామా? వల ఎట్లాగూ చినిగింది" అన్నాడు. నేను తెచ్చిన శాలువ గతి అది. సారు అదేమీ పట్టించుకోకుండా మా వైపు తిరిగాడు. "ఈ ఏడు ఓడిపోతం. వచ్చే ఏడు జర తక్కువ ఓడిపోతం. ఆ మీది ఏడు ఆడుతం. నాకు మూడేండ్లు ఇయ్యిండ్రి." నర్సింలు ఫోటో కోసం పెట్టిన నవ్వును అలాగే ఉంచి, "సారు జోకులేస్తడు" అన్నాడు.

కొన్నాళ్లకే నా వంతు వచ్చింది. సాధన ఆటలో మా మీద గోలు పడింది. నేను శ్రీనును తిట్టి, ఎడమ వైపు ఆడే పిల్లవాణ్ని తిడుతున్నాను. సారు విజిల్ వేసి ఆట ఆపాడు.

"కుర్మయ్యా, గోలు పడ్డంక నీ నోరు మస్తుగ ఉరుకుతది. పడకముందు నీ కాళ్లకేమైంది?"

అందరూ నవ్వారు. ఎవరు ముందు నవ్వారో, ఎవరు ఎంతసేపు నవ్వారో నాకు గుర్తుంది. సారు నా చేతికున్న కెప్టెన్ పట్టీ విప్పించి శ్రీనుకు కట్టించాడు. నన్ను గోల్‌పోస్టు వెనక్కి పంపాడు. "గాడ నిలవడి సూడు. తప్పెవలిదో నాకొద్దు. ఎవలు యాడ నిలవడ్డరో గంతే చెప్పు."

ఆట అయ్యాక మొరం నేల మీద ఆటగాళ్లకు బదులు రాళ్లు పేర్చి, ఎవరు ఎక్కడ ఉన్నారో నన్ను అడిగేవాడు. నేను కోపంగానే చెప్పేవాణ్ని. తప్పు రాయిని పక్కకు జరిపి మళ్లీ అడిగేవాడు. రోజులు గడిచేకొద్దీ నాకు ఒకటి కనబడసాగింది. గోలు వల దగ్గర పడదు. అంతకు ముందే, ఎక్కడో దూరంగా, ఒకడు ఒక్క క్షణం ఉండరాని చోట నిలబడినప్పుడే పడిపోతుంది. ఈ సంగతి సారుకు చెప్పలేదు. చెబితే ఆయన గెలిచినట్టవుతుంది.

కోస్గిలో ఘోరంగా ఓడిపోయాం. మహబూబ్‌నగర్‌లో కొంచెం మర్యాదగా ఓడిపోయాం. గోలు గీత వదలని శ్రీను ముందుకు వచ్చి బంతి పట్టడం నేర్చాడు. ఆఖరి ఆటలో ఎడమ వైపు పిల్లవాడు కుంటుతుంటే నేను బూట్ల తాళ్లు బిగించుకుని లేచాను. సారు నన్ను చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు. గట్టి జట్టుతో ఆ ఆట సమానంగా ముగిసింది. తిరిగి వచ్చే బస్సులో అందరూ పాటలు పాడారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ వారమే నర్సింలు మమ్మల్ని తన ఆఫీసుకు పిలిచాడు. సారును పిలవలేదు. "కప్పేది? శాలువ కప్పుతె తీసి కుర్చీల పడేసిండు. నాకే మర్యాద ఇయ్యనోడు జట్టుకేం మర్యాద తెస్తడు?" అని, అందరికీ చాయ్ తెప్పించి ముందు నాకు ఇప్పించాడు. "కుర్మయ్యా, అందరికన్న నీకే బగ్గ అన్యాయం జేసిండు. నువ్వే చెప్పు."

నా ఫిర్యాదులన్నీ నాకు కంఠస్థం. అయినా నా నోటి నుంచి వచ్చింది వేరు. "చేసిండన్నా. అది నాకు, సారుకు నడుమ ముచ్చట. సారుతోనే తేల్చుకుంట, మీతోని కాదు. ఆయన మూడేండ్లడిగిండు. ఒక్కటే అయింది."

"బయట కూసోవెట్టినోని దిక్కే మాట్లాడుతవేందిరా? రోషం లేదా?"

అందరూ శ్రీను వైపు చూశారు. సారు వల్ల ఆటగాడైనవాడు వాడే. వాడు చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. మిగతావాళ్లూ నోరు విప్పలేదు. నన్ను చూసి నవ్వినప్పుడు మాత్రం అందరికీ నోళ్లున్నాయి.

నర్సింలు ఇక రావద్దనగానే సారు ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. తరువాత వచ్చిన కోచ్ శాలువ కప్పుకుని, అదే ఏడు కప్పు తెస్తానని మాటిచ్చాడు. వానాకాలానికి ముందే కనబడకుండా పోయాడు. ఆ తరువాత వచ్చినవాడి పేరు కూడా మాలో చాలామందికి గుర్తులేదు. ఆడేవాళ్లు తగ్గారు. ఒక పొద్దున పోయి చూస్తే గ్రౌండంతా హద్దురాళ్లు. ఇప్పుడు గోల్‌పోస్టుల చోట ఎవరిదో ప్రహరీ గోడ ఉంది. శ్రీను చౌరస్తా దగ్గర మొబైల్ దుకాణం నడుపుతున్నాడు. "రా అన్నా, చాయ్ తాగుదం" అని పిలుస్తాడు. నేను ఇంతవరకు పోలేదు.

కొన్నేళ్లకు సారుకు పక్షవాతం వచ్చిందని తెలిసి నల్లగొండ బస్సు ఎక్కాను. పరామర్శకు పోయానంటే అబద్ధం. తేల్చుకోవడానికే పోయాను. మంచం మీద ఒక పక్కకు వాలి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను కుశలం కూడా అడగలేదు.

"సారూ, ఆఖరి ఆటల నన్నెందుకు దింపలే?"

ఆయన చాలాసేపు ఏదో చెప్పాడు. నాలుక తిరగక నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. మంచం పక్కన నిలబడ్డ కూతురు తండ్రి నోటి దగ్గర చెవి పెట్టి విన్నది.

"నువ్వప్పుడప్పుడే సూసుడు నేర్సినవంట అన్నా. అప్పుడే దింపితె మల్ల అందరి మీద ఒర్రుతవని ఆపిండంట. వచ్చే ఏడు దింపుదామనుకున్నడంట." ఆమె ఆగి, "ఏ వచ్చే ఏడు, నాయినా?" అని అడిగింది. నేను దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ అక్కరకు రాలేదు.

సారు ఆ చలికాలం దాటలేదు. ఇప్పటికీ కంపెనీలో సరుకు చెడిపోతే, అందరూ తప్పెవరిదని వెతుకుతున్నప్పుడు, ఎవరు ఎక్కడ నిలబడ్డారని నేను అడుగుతాను. తరువాత తప్పెవరిదో కూడా చెబుతాను. ఆ అలవాటును సారు కూడా మాన్పించలేకపోయాడు. ఎక్కడైనా ఓడిన జట్టుకు కొత్త కోచ్ వచ్చాడని పేపర్లో చదివితే, ఈయనకు ఎన్నేళ్లిస్తారో అనుకుంటాను. ఇప్పుడు నా మోకాలు మెట్లెక్కనివ్వదు. నర్సింలు మీద, శ్రీను మీద, సారు మీద నా ఫిర్యాదులు నా దగ్గర పదిలంగా ఉన్నాయి. నేను ఆడవలసిన ఆ వచ్చే ఏడు గురించి మాత్రం ఎవరి ముందు నిలబడి అడగాలో నాకు తెలియదు.