ఆపి ఆపి చూసే బాబాయి

కుడిచేత్తో రిమోట్ నొక్కుతాడు. ఎడమచేతి చూపుడువేలు పైకెత్తుతాడు. తెరమీద బొమ్మ నోరు తెరుచుకుని ఆగిపోతుంది. "ఇక్కడ ఒక విషయం గమనించాలి" అంటాడు. మా బాబాయి టీవీ చూసే పద్ధతి అది.

చూసేది ఒకటే. ఇరవై ఏడేళ్ళుగా వస్తున్న ఒక కార్టూన్ సీరియల్. అందులో ఒక ప్లంబరు, అతని పెళ్ళాం, ముసలి తల్లి, ఒక చిలుక. ఊరందరి కొళాయిలూ బాగుచేసే ఆ ప్లంబరు ఇంట్లో కొళాయి మొదటి ఎపిసోడ్ నుంచీ కారుతూనే ఉంది. చిలుక రోజంతా ఆ చప్పుడే పలుకుతుంది. టప్. టప్.

బాబాయి బస్ డిపోలో టైమ్ కీపరు. బండి రెండు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరుని నిలబెట్టి సంజాయిషీ అడిగే మనిషి. ఆయన చేతిలో పడితే ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్ గంటన్నర నడిచేది.

"ఇప్పుడు ముసలావిడ ఏమంది? 'నాయనా, నన్ను కూడా కస్టమరుగా రాసుకో, అప్పుడైనా వస్తావు' అంది. ఎందుకంది?"

"మాకు తెలుసు నాన్నా. ముందుకి పోనివ్వు" అనేది చెల్లి, బాబాయి కూతురు.

"తెలియడం వేరు, గమనించడం వేరు."

డిపోలో బస్సుల పేర్లు పిలిచే గొంతుతో ప్రతి మాటా తిరిగి చెప్పేవాడు. ప్రతి జోకుకీ పోస్టుమార్టం. అదంతా అయ్యాక పిన్ని ఒక్కతే నవ్వేది. మొగుడన్నాక ఆ మాత్రం మర్యాద చెయ్యాలి కాబోలు అనుకునేవాళ్ళం.

చివరికి ఆ కొళాయి బాగుపడే ఎపిసోడ్ వచ్చింది. ఆ ఆదివారం నేను ముందే రిమోట్ మీద కూర్చున్నాను.

"ఒరేయ్, అదిలా ఇవ్వరా."

"ఇవ్వను బాబాయ్. ఈ ఒక్కటీ ఆపకుండా చూద్దాం."

"తప్పు చేస్తున్నావురా."

"ఇరవై రెండు నిమిషాలు నోరు మూసుకుంటే ఏం కాదులే నాన్నా" అంది చెల్లి.

మొదటి జోకుకి మేం పడీ పడీ నవ్వాం. పిన్ని మా మొహాలు చూసి, ఒక క్షణం ఆలస్యంగా నవ్వింది. రెండోదానికీ అంతే. ప్లంబరు కొళాయి బిగించాడు. ఇల్లు నిశ్శబ్దమైంది. చిలుక పలకడం మానేసింది, తిండి మానేసింది. అందరూ పంజరం చుట్టూ చేరారు. "ఇంక దీనికి మనతో మాట్లాడే పనేముంది" అంది ముసలావిడ, మెల్లగా.

చెల్లి మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదిలాయి. పిన్ని అది నవ్వనుకుంది. తనూ గట్టిగా నవ్వింది.

అందరం ఆవిడ వైపు తిరిగాం. పిన్ని మొహం పాలిపోయింది. లేవబోయింది.

అప్పుడు బాబాయి ఇల్లెగిరిపోయేలా నవ్వాడు.

"శభాష్! ఇన్నాళ్ళకి నా పక్కన కూర్చున్న ఒక్క మనిషికి విషయం అర్థమైంది. ఇరవై ఏడేళ్ళు ఒకటే పని చేసిన పక్షి. సెలవిచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక మొహం వేలాడేసింది. మా డిపోలో రిటైరైన ప్రతివాడూ ఇంతే! నవ్వు రాదూ?"

పది నిమిషాలు వాదించాడు. చివరికి చెల్లి కూడా నవ్వింది. పిన్ని మళ్ళీ కూర్చుంది.

బాబాయి వంటింట్లో గ్లాసులు కడుగుతుంటే వెళ్ళి అడిగాను. "ఎప్పటినుంచి?"

"రెండేళ్ళు. బానే వినపడుతోందంటుంది. పక్కింటావిడతో మాటలు ఇప్పటికే మానేసింది. మీరెవరైనా నవ్వారంటే ఇక ఆ గదిలోకీ రాదు."

"డాక్టరుకి చూపిద్దాం."

"చెవిలో మిషను పెడతారని బెంగ. ముసలిదైపోయిందంటారట."

నేను రిమోట్ ఆయన జేబులో పెట్టాను.

"అయినా ఆ ముసలావిడ కస్టమరు మాట నువ్వు సరిగా గమనించలేదురా" అన్నాడు.

మర్నాడు ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పిన్నికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నాకు ఎడమ చెవి పనిచెయ్యడం లేదు. డాక్టరు దగ్గరికి తోడు రా."

"మీరు ఎవరి మాట విన్నారు గనక ఇప్పుడు కొత్తగా?" అంది పిన్ని. అయినా చెప్పులు వేసుకుంది. నేనూ వెంట వెళ్ళాను.

ఆస్పత్రిలో పరీక్ష గది గుమ్మం దగ్గర బాబాయి ఆగిపోయాడు. లోపల కుర్చీ మీద పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

"నాకు భయంగా ఉంది. ముందు నువ్వు పెట్టుకుని చూపించు."

"ఇంత మనిషి, సిగ్గు లేదూ!" అని నర్సుతో చెప్పుకుంటూ పిన్ని లోపలికి వెళ్ళి కూర్చుంది.

బాబాయి మెల్లగా తలుపు మూశాడు.