డిక్కీలో సీసాలు, ఒళ్ళో కేకు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు రాదంటే ఎవరూ నమ్మకండి. బి.ఎ. ఫస్టు క్లాసులో పాసైనదాన్ని. చదవమంటే చదివేదాన్ని, రాయమంటే పేజీలకు పేజీలు రాసేదాన్ని. ఎటొచ్చీ నోరు తెరవమంటేనే చిక్కు. కొత్తగా కాపురానికి వచ్చిన ఆ టెక్సస్ చిన్న ఊళ్ళో కూరగాయల షాపులో గానీ, బ్యాంకులో గానీ ఎవరు నన్ను ఏమడిగినా మావారే జవాబు చెప్పేవారు. చివర్లో నవ్వుతూ "షి ఈజ్ షై" అని ఒక ముక్క తగిలించేవారు. కొన్నాళ్ళకి ఊళ్ళో అదే నా పేరైపోయింది. అలాంటిదాన్ని నేను ఒకప్పుడు ఆ రాష్ట్రానికి గవర్నర్నయ్యానంటే, అదీ మద్యనిషేధం పేరు చెప్పి గెలిచానంటే, ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

మేమున్న కౌంటీలో, అంటే మన జిల్లాలాంటి దాంట్లో, మద్యం అమ్మకూడదు. దేశంలో నిషేధం ఎత్తేసి ఒక తరం గడిచిపోయినా ఆ కబురు మా ఊరికి ఇంకా అందలేదన్నమాట. కౌంటీ సరిహద్దు దాటగానే మాత్రం మూడు షాపులు వరసగా, గుడి ముందు కొబ్బరికాయల దుకాణాల్లా కళకళలాడుతుండేవి. మావారి స్నేహితుల్లో అందరికంటే పెద్దాయన ప్రతి శనివారం "కారుకి హైవే మీద కాస్త ఎక్సర్‌సైజ్ ఇవ్వాలి" అంటూ అటు వెళ్ళొచ్చేవారు. ఆయన కారు డిక్కీ ఎప్పుడూ నిండు గర్భిణిలా ఉండేది. నేను ఎదురుగా అన్నయ్యగారూ అనేదాన్ని, చాటుగా డిక్కీ అన్నయ్యగారు. (ఆ పేరు పెట్టింది వాళ్ళావిడే, మా వదినగారు.)

మావారు పిహెచ్.డి. చేస్తుంటే నేను అక్కడే కాలేజీలో చేరాను. చరిత్ర చెప్పే టీచరమ్మది ముగ్గుబుట్టలాంటి తల, కొరడాలాంటి నాలుక. ఆవిడ ఏటా నిషేధపు రోజుల నాటి గవర్నర్ ఎన్నికను విద్యార్థులతో ఆడించేది. ఒకరు డ్రై అభ్యర్థి, అంటే నిషేధం ఉండాల్సిందేననేవాళ్ళు. ఇంకొకరు వెట్, వద్దనేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు వచ్చి ఉపన్యాసాలు విని ఓట్లు వేస్తారు. ఆ ఏడు డ్రై అభ్యర్థిగా ఆవిడ వేలు నావైపు చూపించింది. "మీ దేశంలో ఎవరూ తాగరు కదా, నీకంటే తగినవాళ్ళెవరు?" అంది. (నేను నోరు మెదపలేదు. దేశం పరువు నా మౌనం వల్లే నిలబడింది.) స్టేజీ ఎక్కి మాట్లాడకపోతే ఆ క్లాసు తప్పినట్టే. తప్పితే మళ్ళీ ఇంట్లో కూర్చుని షై అమ్మాయిగానే మిగిలిపోవాలి. అదీ నా భయం.

ఉపన్యాసం మావారే రాసిపెట్టారు. పక్కన బీరు క్యాను పెట్టుకుని, మద్యం వల్ల సంసారాలు ఎలా కూలిపోతాయో కళ్ళకు కట్టినట్టు రాశారు. ఒకచోట ఆయనకే కళ్ళు చెమర్చాయి కూడా. నేను దాన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పడం నేర్చుకున్నాను. "ఓట్ల సంగతి వర్రీ అవకు, మనవాళ్ళందర్నీ తీసుకొస్తా" అన్నారు మావారు. డిక్కీ అన్నయ్యగారైతే గుండె మీద చెయ్యేసుకుని, "చెల్లెమ్మా, నా ఓటు నీకే. డ్రై జిందాబాద్!" అన్నారు. ఎంత మంచి మనసు అనుకున్నాను.

ఎన్నిక రోజు సాయంత్రం హాలు నిండింది. వెట్ అభ్యర్థి తలకంటే పెద్ద టోపీ పెట్టుకున్న, పశువుల రాంచ్‌లో పెరిగిన కుర్రాడు. అతను "ఎవడి గొంతు వాడి ఇష్టం!" అని ఒక్క అరుపు అరిచేసరికి హాలు దద్దరిల్లింది. నా వంతు వచ్చింది. మైకు ముందు నిలబడ్డాను. "ఫెలో సిటిజన్స్" అన్నాను. అంతే, తర్వాత ముక్క రాలేదు. నేర్చుకున్నదంతా పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు తుడుచుకుపోయింది. ముందు వరసలోంచి వదినగారు "అమ్మాయ్, ఏదో ఒకటి అనవే!" అని తెలుగులో గుసగుసలాడారు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుని మా మగవాళ్ళందరూ బిలబిలా లోపలికొచ్చారు. నేను చెమటలు కక్కుతుంటే వాళ్ళు అంతసేపూ పార్కింగ్ లాట్‌లో "కారు చూస్తున్నారు". అందరి దవడలూ ఒకే తాళంలో ఆడుతున్నాయి. లవంగాలు! ఆ ఘాటు హాలు దాటి స్టేజీ దాకా వచ్చింది. వరసలో మావారు కూడా ఉన్నారు, నోరు గట్టిగా మూసుకుని, చాలా పవిత్రంగా.

ఒళ్ళు మండింది. మంటకి వ్యాకరణంతో పని లేదు. నాకొచ్చిన ఇంగ్లీషులో నాకు తెలిసిందే చెప్పేశాను. "మా ఇళ్ళల్లో పార్టీ అంటే ఆడవాళ్ళం వంటింట్లో బజ్జీలు వేస్తుంటాం. మగవాళ్ళు కారు చూసొస్తామని వెళ్తారు. ఆ కారుకి ఏ జబ్బూ లేదు. వెళ్ళేటప్పుడు మామూలుగా వెళ్తారు, వచ్చేటప్పుడు పాడుతూ వస్తారు. ఎవరు ఎన్నిసార్లు చూశారో లవంగాల వాసనే చెప్పేస్తుంది. ఇదిగో, ఇప్పుడు కూడా వస్తోంది. నన్ను గవర్నర్ని చేస్తే ముందు ఈ రాష్ట్రంలో కార్లన్నిటికీ డిక్కీలు పీకించేస్తాను!"

ముందు వరసలో ఒక టెక్సస్ బామ్మ పకపకా నవ్వి, పక్కనున్న తాతగారి నెత్తిన హ్యాండ్‌బ్యాగుతో ఒక్కటిచ్చింది. ("మా ఇంట్లో కారు బదులు కొట్టం వెనక షెడ్డు తల్లీ" అందట తర్వాత వదినగారితో.) ఇక చప్పట్లు ఆగలేదు. ఓట్లు లెక్కపెడితే నేనే గవర్నర్ని. బహుమతిగా ఓ పెద్ద చాక్లెట్ కేకు చేతికిచ్చారు.

పార్కింగ్ లాట్‌లో అందరికీ దండం పెట్టాను. "అన్నయ్యగారూ, నా మాటలు విని మనసు మార్చుకున్నారు, ఇక ముట్టరన్నమాట" అన్నాను.

డిక్కీ అన్నయ్యగారు జాలిగా చూశారు. "పిచ్చి చెల్లెమ్మా! నీ స్పీచ్ సూపర్. కానీ నా ఓటు ముందే ఫిక్స్. వెట్ గెలిస్తే ఏమవుద్దీ? మన వీధి మూల షాపులోనే దొరుకుద్ది. అప్పుడు మీ వదిన కూడా షాపుకొస్తుంది. ఎన్ని కొన్నానో చూస్తుంది. నా శనివారం డ్రైవ్ క్యాన్సిల్. తాగేవాడికి నిషేధాన్ని మించిన స్వేచ్ఛ ఉందా అసలు?"

మావారు నేలచూపులు చూశారు. టోపీ కుర్రాడి స్నేహితులు కూడా చాలామంది నాకే వేశారని అక్కడికొచ్చిన టీచరమ్మ చెప్పాక తెలిసింది. వాళ్ళ అమ్మలు అదే హాల్లో కూర్చున్నారు మరి. టీచరమ్మ నవ్వి, "అసలు ఎన్నికల్లోనూ ఇంతేనని మా తాత చెప్పేవాడు. పగలు డ్రైకి ఓటు, రాత్రి వెట్‌కి గ్లాసు. ఇవాళే నువ్వు చరిత్ర పాసయ్యావు" అంది.

వదినగారు అన్నయ్యగారి ముందు చెయ్యి చాపారు. "తాళాలు ఇటివ్వండి."

"నేను బాగానే ఉన్నానే!"

"గవర్నరుగారు కారులో ఉన్నారు. ఇవ్వండి."

ఆవిడే నడిపారు. నేను ముందు సీట్లో ఒళ్ళో కేకు పెట్టుకుని కూర్చున్నాను. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా వెనక డిక్కీలో సీసాలు గలగలమని నాకు జేజేలు కొడుతూనే ఉన్నాయి. అలా జరిగింది నా విజయోత్సవ ఊరేగింపు. మర్నాడే వదినగారి దగ్గర డ్రైవింగ్ మొదలుపెట్టాను. ఆ తర్వాత షాపులో మావారు "షి ఈజ్..." అనబోతే నేనే అందుకుని వంకాయల ధర అడిగేదాన్ని.

ఇదంతా ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, మా పాపకి ఏడాదిన్నర. పాలసీసా మాన్పించి కప్పుతో పట్టమన్నారు డాక్టరు. పళ్ళు పాడవుతాయట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కలలో కూడా పుచ్చిపళ్ళే. ఇంట్లో సీసా నిషేధం ప్రకటించాను. మావారు గుండె మీద చెయ్యేసుకుని, "నా ఓటు నీకే" అన్నారు. అప్పుడే అనుమానించాల్సింది. ఈమధ్య రోజూ సాయంత్రం "పాపకి కారు చూపించుకొస్తా" అంటూ ఎత్తుకెళ్తున్నారు. పాప కేకలేస్తూ వెళ్తుంది, కిలకిలా నవ్వుతూ వస్తుంది. ఇవాళ డిక్కీ తెరిస్తే స్పేర్ టైరు పక్కన ఖాళీ పాలసీసా, ఇంకా గోరువెచ్చగా.

రేపు నిలదీద్దామని మాటలు కూర్చుకుంటూ ఇది రాస్తున్నాను. మధ్యమధ్య లేచి పాప ఊపిరి విని వస్తున్నాను (ఎందుకంటే చెప్పలేను). ఇప్పుడే కదిలింది. పెదవి విరిచింది. ఆకలేమో. కప్పుతో అయితే పూర్తిగా మెలకువ వచ్చేస్తుంది. ఇంకో అరనిమిషం చూస్తాను... ఆ రోజు మైకు ముందు నిలబడి డిక్కీలు పీకించేస్తానన్న ఆ పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఓటు వేయదు సరికదా, పార్టీలోంచే పంపేస్తుంది. డిక్కీలో దొరికిన సీసా చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా ఫ్రిజ్ తెరిచాను. మావారికి తెలియకూడదు కదా.