షెడ్డు బోల్టు

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం, ఖరగ్‌పూర్ వెయిటింగ్ హాల్లో నా పక్కనాయన ఒళ్ళో తువ్వాలు పరిచి, ఒక ఇనుప ముక్కలో బోల్టు పెట్టి తిప్పుతున్నాడు. అది పట్టు దొరక్క ఊరికే తిరుగుతోంది.

అక్కడి నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో ఫిట్టరట. ఆ ముక్క వాళ్ళ నాన్న నడిపిన పాత అమెరికా మోటార్‌సైకిల్ ఇంజన్‌ది. అసలు బోల్టు పోతే షెడ్డు బోల్టు బిగించాడు. రెంటి కొలతలూ వేరు; మరచుట్లు కలవక ముక్క లోపలి చుట్లు కాస్తా అరిగిపోయాయి. కలకత్తాలో ఎవరిని అడిగినా బాగుచెయ్యలేమన్నారు. అక్కణ్ణించి వచ్చి రైలు దిగి రెండు గంటలైనా ఇంటికి వెళ్ళలేదట.

“కలవట్లేదని నా సేతికి తెలిసింది బాబూ. అయినా బలంకొద్దీ తిప్పేసినాను. మంచమ్మీదున్న అయ్య ఆ బండి సప్పుడు కోసం ఎదురుసూస్తన్నాడు. ఏటి సెప్పేది?”

అంతలో నా రైలు వచ్చింది.

ఇప్పటికీ సీసా మూత కాస్త మొరాయిస్తే చాలు, నా చెయ్యి ఆగిపోతుంది.