దుకాణం పిల్లికి పాలు

ఈరోజు మా పెద్దమ్మను ఆబిడ్స్‌లో ఇంగ్లీషు సినిమా మాట్నీకి తీసుకెళ్లాను. అసలు సినిమాకు ముందు పిల్లీ ఎలుకల కార్టూన్ వేశారు. ఎలుక తప్పించుకున్నప్పుడల్లా హాలంతా ఒకటే ఈలలు. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు.

"ఆ పిల్లి గంతసేపటి నుంచి ఉరుకుతనే ఉన్నది. దానికి బువ్వ ఎవరు పెడ్తున్రు?" అని నన్నడిగింది.

"అది బొమ్మ కదా పెద్దమ్మా!"

"బొమ్మైతేంది? ఆకలి గాదా?"

తర్వాత వేసిన సినిమా సగం నాకు ఆ పిల్లి ఆకలి ఆలోచనలోనే గడిచిపోయింది.

పెదనాన్నకు బేగంబజార్‌లో పప్పుల దుకాణం ఉంది. కడుపు నిండిన పిల్లి ఎలుకల్ని పట్టదని, దుకాణం పిల్లికి ఎవరూ ఏమీ పెట్టకూడదని ఆయన ఆర్డరు. ఇన్నేళ్లుగా ఆ మాట దాటని పెద్దమ్మ, ఈ సాయంత్రం హాలు నుంచి నేరుగా దుకాణానికెళ్లి, ఆయన చూస్తుండగానే పిల్లికి గిన్నెడు పాలు పోసింది.

"ఇగ అది ఎలుకల్నేం పడ్తది?" అని పెదనాన్న గయ్యిమన్నారు.

"పట్టకుంటే పట్టకపాయె. ఒక్క రాత్రన్న తిని పండనియ్యి."

పిల్లి కందిపప్పు బస్తా ఎక్కి మూతి నాక్కుంటోంది. రేపు దుకాణం తెరిచాక, పిల్లికి పాలు పోసే విషయంలో ఎవరి మాట నెగ్గుతుందో! నేను పెద్దమ్మ వైపు. మరి మీరు?