ఇదా-అదా వంతు

శనివారం పొద్దున కళ్ళజోళ్ళ షాపు యజమాని కుడికాలికి నల్ల బూటు, ఎడమకాలికి గోధుమరంగు బూటు వేసుకుని ఇంట్లోంచి బయల్దేరాడు. గుమ్మంలో భార్య అడ్డుపడింది.

"ఇదేం వేషమండీ?"

"కొత్త జత హాయిగా ఉందో, పాత జత హాయిగా ఉందో తేల్చుకోవాలి. ఇవాళ ఒకటి, రేపు ఒకటి వేసుకుంటే ఇవాల్టి కాలు రేపటికి గుర్తుంటుందా? రెండూ ఒకేసారి నడవాలి."

"సాయంత్రానికి తేలుతుందా?"

"రేపు కాళ్ళు మార్చి వేసుకుంటే తేలుతుంది."

అతనికున్న జబ్బు అదొక్కటే. ఎదురుగా రెండు వస్తువులు పెడితే అందులో ఒకటి తీసుకోలేడు. వీధిలో అసలు పేరు అందరూ మర్చిపోయారు, ఇదా-అదా అంటే మాత్రం పాలవాడు కూడా షాపు చూపిస్తాడు. ఆ పేరు వృత్తి వల్ల వచ్చిందో, బుద్ధి వల్ల వచ్చిందో చెప్పడం కష్టం. చీకటి గదిలో జనం ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అందులో గుండ్రటి అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" అని పొద్దస్తమానం అడగడమే అతని పని.

ఒకసారి ఒక లారీ డ్రైవరు విసిగిపోయాడు. "రెండూ ఒకేలా ఉన్నాయి బాబూ. మీరే ఏదో ఒకటి చెప్పండి."

"నేనే చెప్పగలిగితే మిమ్మల్ని ఎందుకు అడుగుతానండీ?" అన్నాడు ఇదా-అదా, చాలా నిజాయితీగా.

తన పెళ్ళి గురించి కూడా అంతే నిజాయితీగా చెబుతాడు. "మా ఆవిడే నన్ను ఎంచుకుంది. నా జీవితంలో సరైన నిర్ణయం అదొక్కటే. నేను తీసుకోలేదు కాబట్టి."

అతని అక్క పూర్తిగా దీనికి ఎదురు. బస్సు డిపోలో ఏ బస్సు ఏ దారిన పోవాలో చెప్పే ఉద్యోగం ఆమెది. నడిరోడ్డు మీద బస్సు ఆగిపోయిందని ఫోనొస్తే, అవతలివాడు మాట పూర్తి చేసేలోపు ఇంకో బస్సు గేటు దాటేది. ఒకే తల్లి కడుపున ఇద్దరూ ఎలా పుట్టారని అడిగితే, "ఇద్దరి వాటా తొందరా నాకే ఇచ్చేశారు" అనేది.

అలాంటి ఇద్దరికీ ఒకే పిచ్చి ఉంది. వ్యూహాల ఆటలు. స్క్రీన్ మీద గళ్ళ నేల, దాని మీద కోటలు, గుర్రాలు, వంతెనలు. ఒకరు తమ వంతు సైన్యాన్ని కదిపి మెషీన్‌ని అవతలివాళ్ళ చేతికిస్తారు. అరచేతిలో ఇమిడే ఆ గేమ్ మెషీన్‌ని తమ్ముడు కాలేజీ రోజుల్లో కొన్నాడు. అప్పట్లో షాపులో ఒకటే రకం ఉండేది కాబట్టి కొనగలిగాడు. ఆ తర్వాత ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, జుట్టు నెరిసింది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం అక్క ఇంట్లో కిటికీ పక్కన రెండు కుర్చీలు అలాగే ఉండేవి.

అక్క వంతు చిటికెలో అయిపోయేది. తమ్ముడి వంతు వస్తే ఆమె మేడ మీదికెళ్ళి, తడిబట్టలన్నీ ఆరేసి, దిగొచ్చి అడిగేది.

"అయిందా?"

"ఉండక్కా. వంతెన దాటనా, కోట కాయనా?"

"నీ గుర్రాలు యుద్ధంలో చావవురా. ముసలితనంతో చస్తాయి."

కిందటి వానాకాలం ఒక పొద్దున అక్క కుడిచెయ్యి చెప్పిన మాట వినడం మానేసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, వెటకారం అందరికంటే ముందు తిరిగొచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. కళ్ళజోడు పెట్టుకున్నా చిన్న అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఉద్యోగం మానేసింది. అదే నెలలో పాత మెషీన్ కూడా నల్లబడిపోయి మళ్ళీ వెలగలేదు.

కాలక్షేపానికి భర్త పేకముక్కలు తెచ్చాడు. రెండు రోజులు వరసగా ఓడిపోయాడు. మూడో రోజు ఆమె ఎడమచేత్తో ఆయన ముక్కలు లాక్కుని చూసింది. అన్నీ గెలిచే ముక్కలే.

"జాలిగా ఉంటే వీధికుక్కకి బిస్కెట్లు వెయ్యండి. నాతో ఆడేటప్పుడు ఆడండి."

ఆయన పేక దాచేశాడు. ఆమెకి తమ్ముడితో ఆడాలని ఉంది. తనని ఓడించాలని మనస్ఫూర్తిగా ప్రయత్నించి, మనస్ఫూర్తిగా ఓడిపోయే మనిషి అతనొక్కడే. ఆదివారం భోజనం కాగానే కిటికీ పక్కన కూర్చుని గేటు చప్పుడు కోసం చూసేది. అతను తప్పకుండా వచ్చేవాడు. చేతిలో మెషీన్ ఉండేది కాదు, నోటినిండా కబుర్లుండేవి.

"రెండు రకాలున్నాయక్కా. పెద్దదానికి స్క్రీన్ ఇంత ఉంది. కానీ బరువు. చిన్నది తేలిక. కానీ దాని అక్షరాలు చీమల్లా ఉన్నాయి."

"పెద్దది తే."

"దాని బ్యాటరీ తొందరగా అయిపోతుంది. పైగా మనం ఆడే రకం ఆటలు చిన్నదాంట్లోనే ఎక్కువ."

"అయితే చిన్నది తే."

"తెద్దును. కానీ దాని సరే అనే బటన్..." అని ఆగాడు.

"బటన్‌కేమైందిరా?"

"ఏం లేదు. వచ్చే వారం తేల్చేస్తాను."

వచ్చే వారాలు వచ్చాయి, పోయాయి. వాన వెలిసింది, చలి వచ్చింది, అదీ పోతోంది. అక్క ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ మీద భర్త మడతబట్టలు పెట్టబోతే ఆమె ఒప్పుకోలేదు. మెల్లగా మనసులో ఒక అనుమానం పుట్టింది. ఒక సాయంత్రం దాన్ని పైకే అనేసింది.

"వాడికి తేలకపోవడం కాదండీ. ఈ చేత్తో నేను తడబడుతుంటే చూడలేక తప్పించుకుంటున్నాడు."

"వాడు సబ్బు కొనడానికే నెల తీసుకుంటాడే."

"సబ్బు వేరు. రేపు మనమే వెళ్దాం. ఏదో ఒకటి కొని వాడి ఒళ్ళో పడేస్తాను."

అలా ఆ శనివారం ఇద్దరూ బస్సెక్కారు. కండక్టరు ఆమెని చూసి ముందు సీటు ఖాళీ చేయించి, ఈ దారిన బస్సులు సరిగా నడవక ఆర్నెల్లయిందని చెప్పాడు. ఆ మాటకి ఆమెకి కాస్త ప్రాణం లేచొచ్చింది.

గేమ్‌ల షాపు పరుపుల కొట్టుకీ జిరాక్స్ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంది. లోపల షాపావిడ స్టూలు మీద కూర్చుని డబ్బాల దుమ్ము దులుపుతోంది.

"స్ట్రాటజీ గేమ్‌లకి ఈ రెండిట్లో ఏది మంచిదమ్మా?" అని అడిగింది అక్క.

షాపావిడ గుడ్డ పక్కన పెట్టి, ఇద్దర్నీ షెల్ఫు వెనక బెంచీ మీద కూర్చోబెట్టింది. "ఆ ప్రశ్న మాత్రం నన్ను అడక్కండమ్మా. ప్రతి శనివారం ఒకాయన అదే అడుగుతాడు. కొనడు, పోడు. చూడటానికి పెట్టిన మెషీన్ల మీద బటన్ల గుర్తులు ఆయన వేలికే అరిగిపోయాయి."

"మరి పొమ్మనలేకపోయావా?"

"ఎలా అంటాను? పాపం, ఆయనకి కుడిచెయ్యి పనిచెయ్యదు. చూపు కూడా అంతంతమాత్రం."

అక్క భర్త వైపు చూసింది. భర్త పైకప్పు వైపు చూశాడు. ఇంతలో తలుపు గంట మోగింది. వాళ్ళు కూర్చున్న బెంచీకి అడ్డంగా షెల్ఫు ఉంది, కింద సందులోంచి వచ్చినవాడి కాళ్ళు మాత్రమే కనపడ్డాయి. ఒకటి నల్ల బూటు, ఒకటి గోధుమరంగు బూటు.

అక్క భర్త మోకాలి మీద చెయ్యేసి నొక్కింది, మాట్లాడొద్దని. డబ్బాల మధ్యలోంచి తొంగి చూసింది.

ఇదా-అదా కుడిచెయ్యి జేబులో దోపుకునే వచ్చాడు. ఎడమచేత్తో సంచీలోంచి ఇనప చట్రం తీశాడు. అద్దాలు ముందే సర్ది ఉన్న దాన్ని ముక్కుమీద పెట్టుకున్నాడు. కుర్చీలో కూలబడి, అదే చేత్తో చిన్న మెషీన్ అందుకున్నాడు. చూడబోతే గుడ్లగూబకి చెయ్యి విరిగినట్టుంది.

"అమ్మా, సరే అనే బటన్ కుడివైపే ఉందిగా. ఆ పని ఎడమవైపు దానికి అప్పగించొచ్చా?"

"చిన్నదాంట్లో కుదరదండీ. పెద్దదాంట్లో మార్చుకోవచ్చు."

"పెద్దది ఒక చేత్తో పట్టుకుంటే మణికట్టు లాగుతోంది. పోనీ, ఆడేవాళ్ళు మధ్యలో అలిసిపోయి పడుకున్నారనుకోండి. ఆట ఆగుతుందా, ఓడిపోయినట్టు రాసేస్తుందా?"

"మీ వంతు మీరు ఆడేదాకా ఆగుతుందండీ. పోయిన వారం కూడా చెప్పాను."

"ఇంకోసారి చెబితే ధైర్యం. మనిషి తొందరపడేదే, చెయ్యే తొందరపడనంటోంది."

అక్క కాసేపు ఎదురుగా ఉన్న డబ్బాల మీద బొమ్మలు చూసింది. ఏం బొమ్మలో తర్వాత అడిగితే చెప్పలేకపోయేది.

"ఒరేయ్. ఆ చెయ్యి జేబులోంచి తియ్."

అతను ఉలిక్కిపడి లేచాడు. కుడిచేత్తోనే చట్రం పట్టుకున్నాడు.

"చెయ్యి బాగానే ఉందే" అంది షాపావిడ. ఆర్నెల్ల జాలి ఆమె మొహంలోంచి ఒక్కసారిగా దిగిపోయింది.

"ఆ అద్దాలు ఎవరివిరా?" అంది అక్క.

"నావే. నీ కళ్ళజోడు పెట్టుకున్నాక కూడా నీకు ఎంత మసక మిగులుతుందో అంత మసక పెట్టాను. అక్షరాలు నీకెలా కనపడతాయో నాకు తెలియాలిగా." అతను నేల చూపులు చూశాడు. "నువ్వు ఆడలేని దాన్ని తెచ్చి నీ చేతిలో పెడితే, ఇంక ఆటే వద్దంటావని భయమేసింది."

అక్క షెల్ఫు చుట్టూ తిరిగొచ్చి రెండు మెషీన్లనీ ఒక్క చూపు చూసింది.

"పెద్దది ఇవ్వమ్మా."

"అక్కా, బరువు..."

"దాని వీపున ఆ మడత కాలు ఎందుకుందనుకున్నావు? బల్లమీద నిలబెడితే బరువు బల్లది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూడొచ్చు."

ఇదా-అదా మెషీన్ తిప్పి వీపు చూశాడు. "ఇద్దరం కూర్చోవడం నేను చూసుకోలేదక్కా. నీ ఒక్కదాని గురించే చూశాను."

"ఎప్పుడూ అంతే. అవతలివాడి సైన్యాన్నే చూస్తావు. అందుకే ఓడిపోతావు."

"నలుపు ఇవ్వనా, బూడిదరంగు ఇవ్వనా?" అంది షాపావిడ.

ఇదా-అదా కళ్ళు మెరిశాయి.

"నలుపు" అంది అక్క. "వాణ్ణి అడక్కమ్మా, నీకు పుణ్యముంటుంది."

మర్నాడు మధ్యాహ్నం అతను బూట్లు కాళ్ళు మార్చి వేసుకుని వచ్చాడు. కిటికీ పక్కన రెండు కుర్చీలు, మధ్యలో బల్ల, బల్ల మీద పెద్ద మెషీన్. పొద్దున్నుంచి అక్క అక్షరాలు పెద్దవి చేసుకుని, బటన్లు మార్చుకుని, ఎడమ బొటనవేలికి తర్ఫీదు ఇచ్చుకుంది. ఆట మొదలైంది. రెండుసార్లు వేలు జారి గుర్రం ఏట్లో పడింది. తమ్ముడు జాలిపడలేదు, ఆ గుర్రాన్ని చంపేశాడు. అక్క ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత తమ్ముడి వంతు వచ్చింది. అక్క లేచి మేడ మీదికెళ్ళింది. ఒంటిచేత్తో ఒక్కొక్క బట్టే ఆరేసింది. చాలాసేపు పట్టింది. కిందికి దిగొచ్చేసరికి, బ్యాటరీ దండగని మెషీన్ తనంతట తనే స్క్రీన్ ఆర్పేసుకుంది. అతను నల్లటి స్క్రీన్‌నే చూస్తూ గడ్డం గోక్కుంటున్నాడు.

"అయిందా?" అంది.

"ఉండక్కా."

ఆమె ఎడమ చూపుడువేలితో తట్టి స్క్రీన్ వెలిగించింది, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఇంకా అతని వంతే.