రాళ్లదారి పందెంలో మా పిన్ని

మా పిన్ని కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. పందొమ్మిదేళ్లుగా అదే షాపు, అదే తిరిగే స్టూలు. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, అందులో ఒక్కో అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ఇదా?" అని అడగడం ఆమె పని. రోజుకి ముప్ఫైమందినైనా అడుగుతుంది. ఇంటికొచ్చినా ఆ మాట నోటిని వదలదు. ఉప్పు చూడమని నా చేతిలో కూర పెట్టి "ఇది బాగుందా, ఇదా?" అనేది. ఉన్నది ఒక్క కూరే.

ఎమ్మే చదవడానికి నేను వాళ్లింట్లో దిగినప్పుడు మా అమ్మ చెప్పిన మాట ఒకటే. "మీ పిన్ని నోట్లో నాలుక లేని మనిషి. నువ్వూ అంతే. ఇద్దరూ కలిసి బాబాయిని మూగవాణ్ణి చేయకండి."

పుస్తకాల పెట్టె పెట్టుకోవడానికి మంచం కింద చోటు వెతుకుతుంటే మోకాళ్ల దాకా వచ్చే బూట్లు తగిలాయి. వాటి మీద ఎండిన బురద వేలెడు మందాన ఉంది. పక్కన గీతలు పడిన హెల్మెట్టు, ఛాతీకి కట్టుకునే గట్టి ప్లాస్టిక్ కవచం. బాబాయివనుకున్నాను. బాబాయి దర్జీ. ముందుగదిలో మిషను మీద వంగి ఉన్నాడు.

"బాబాయ్, మీరు బండి పందేలకి వెళ్తారా?"

"నేనా? సైకిలెక్కితేనే కళ్లు మూసుకుంటానమ్మా. అవి మీ పిన్నివి."

రెండు రోజులు నేనామాట నమ్మలేదు. మూడో రోజు ఆదివారం. పొద్దున్నే పిన్ని ఆ బూట్లేసుకుని, జడ మడిచి కట్టి, పెరట్లోంచి ఎత్తుగా, సన్నగా, గొల్లభామలాంటి బండిని తోసుకుంటూ వచ్చింది. రెండో తన్నుకే స్టార్టయింది. నా వైపు చూసి కాస్త సిగ్గుపడి, "పాలు కాచి ఉన్నాయి, తాగు" అని వెళ్లిపోయింది. 

ఊరి బయట వదిలేసిన రాళ్ల గని ఒకటి ఉంది. ఏడాదికోసారి అందులో పందెం పెట్టుకుంటారు. వాళ్లలో ఒక్కరు కూడా ఆ విద్యతో బతికేవాళ్లు కాదు. పళ్ల డాక్టరు, కరెంటు పనివాళ్లు, బ్యాంకు గుమస్తా, రొట్టెలాయన, ఇలా పాతికమంది. ఏడు కిలోమీటర్ల దారిని మూడుసార్లు చుట్టాలి. కంకర వాలు, మోకాలి లోతు బురద గుంట, రెండు బండరాళ్ల మధ్య ఒక సందు. గెలిచినవాళ్లకి ఒక రేకు కప్పు, దాన్నీ మరుసటేడు తిరిగిచ్చేయాలి.

వాళ్లకొక పద్ధతుంది. బయటివాళ్లని పిలవరు. ఎవరి పని వాళ్లు తెచ్చి పందేనికి ఇస్తారు. పళ్ల డాక్టరు అందరి బీపీ చూస్తాడు. లెక్కల మాష్టారు టైము రాస్తాడు. రొట్టెలాయన బన్నులు తెస్తాడు. బాబాయి బట్ట మీద నంబర్లు కుట్టి పంపుతాడు. పిన్ని షాపులోంచి అంకెల చార్టు తెచ్చి అందరి కళ్లూ పరీక్షిస్తుంది. రెండు కళ్లతోనూ విడివిడిగా ఆరో వరుస దాకా చదవలేకపోతే బండెక్కకూడదు. ఆ విషయంలో పిన్ని చాలా గట్టి. కిందటేడు ఒక కరెంటు పనివాడు ఎంత బతిమాలినా వినకుండా, "కళ్లజోడు పెట్టించుకుని వచ్చే ఏడు రా నాయనా" అని వెనక్కి పంపేసిందట.

పిన్ని ఎప్పుడూ గెలవలేదు. ఆరేళ్లలో నాలుగుసార్లు చివర వచ్చింది, రెండుసార్లు రొట్టెలాయన చివర వచ్చాడు. అందరూ ఆమెని "ఆఖరమ్మ" అంటారు. రొట్టెలాయన సాయంత్రాలు షాపు ముందు ఆగి మరీ గిల్లేవాడు.

"చెల్లెమ్మా, ఈసారి నీ వెనక దుమ్ము తినే ఓపిక నాకు లేదు. ముందే చెప్తున్నా."

"నా వెనక ఉంటే కదా అన్నయ్యా దుమ్ము. నా ముందుంటే నీకు దుమ్మెక్కడిది?"

"అదే, ముందుంటానంటున్నా."

"ఉండు. బురద గుంటలో కిందటేడులాగా పడుకో. పక్క వేసి ఉంచుతాం."

ఇంత మాట్లాడే పిన్నిని నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. ఒకసారి అడిగాను, చివర రావడానికి అంత కష్టం ఎందుకని. పిన్ని బూట్ల మీది బురద గీకుతూ ఉంది. "అక్కడున్నంతసేపూ నేనెవర్నీ ఏదీ అడగక్కర్లేదే" అంది.

పందెం రోజు నన్ను తీసుకెళ్లింది. బాబాయి రాలేదు, ఆయన ఎప్పుడూ రాడు. "పడితే ఫోన్ చేయండి, పడకపోయినా చేయండి" అని మిషను ముందు కూర్చున్నాడు.

గని దగ్గర వ్యాను తలుపుకి చార్టు కట్టారు. పిన్ని ఒక్కొక్కర్నీ తాడు వెనక నిలబెట్టి, ఒక కన్ను మూయించి, కర్రతో వరుసలు చూపించి చదివించింది. అందరూ అయ్యాక ఆమె వంతు. ఏటా రొట్టెలాయన కర్ర పట్టుకుని పైనుంచి కిందకి వరుసగా చూపిస్తాడట. ఆవేళ ఆయన తన బండి గొలుసు ఊడితే దాని కింద పడుకుని ఉన్నాడు.

"మా అమ్మాయి ఉందిగా" అని పిన్ని కర్ర నాకిచ్చింది.

అంతమంది చూస్తుండగా ఏ పని చేయాలన్నా నేను తడబడతాను. ఎడమ కన్ను అయిపోయింది. పిన్ని ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో మొదలుపెట్టింది. మొదటి వరుస, రెండో వరుస, మూడో వరుస. కంగారులో నేను నాలుగో వరుస వదిలేసి ఐదో వరుస కింద కర్ర పెట్టాను.

"ఆరు, మూడు, ఎనిమిది, రెండు" అంది పిన్ని.

నేను చార్టు చూశాను. కర్ర చూపిస్తున్న అంకెలు తొమ్మిది, నాలుగు, ఐదు, ఏడు. ఆరు, మూడు, ఎనిమిది, రెండు ఉన్నది పై వరుసలో. పిన్ని వైపు చూశాను. ఆమె నిటారుగా నిలబడి, నేను కర్ర జరపడానికి ఎదురుచూస్తోంది. జరపలేదు. అయినా ఆమె, "తొమ్మిది, నాలుగు, ఐదు, ఏడు" అని తర్వాతి వరుస చదివేసింది. ఆ తర్వాతది కూడా.

పళ్ల డాక్టరు తలెత్తకుండానే కాగితం మీద టిక్కు పెట్టాడు.

 ఆమె చూడటం లేదు, అప్పజెబుతోంది. నేను ఆ ఇంట్లో చూసీ చూడనివన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. టీ కప్పు బల్ల అంచుకి అవతల వదిలేయడం. రోడ్డు మీద "ఎడమ పక్కకి రావే" అని నన్నెప్పుడూ అటు తిప్పుకోవడం. కుడి మోచేతికి తలుపు తగిలిన నల్లటి మచ్చలు. ఊళ్లో సగంమంది కళ్లు చూసే మనిషి. కరెంటు పనివాణ్ణి వెనక్కి పంపిన మనిషి.

డాక్టరుకి చెప్పాలి. ఆయన నాకు పదడుగుల దూరంలోనే ఉన్నాడు. ఏమని చెప్పను? మా పిన్ని అబద్ధమాడిందనా? నేను పొరబడ్డానేమో, కర్ర వంకరగా పట్టుకున్నానేమో. ఇలా అనుకుంటూ ఉండగానే ఆయన కూడా హెల్మెట్టు పెట్టుకుని తన బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

ముందు పిన్నికే చెబుదామని పరిగెత్తాను. బండ్లన్నీ గీత దగ్గర నిలబడి ఉన్నాయి. పిన్ని చివర్న ఉంది, ఆమెకి ఎడమవైపు రొట్టెలాయన. నేను కుడివైపు వెళ్లి నిలబడ్డాను. చెయ్యి చాపితే ఆమె హ్యాండిలు అందుతుంది. "పిన్నీ" అన్నాను. ఇంజన్ల మోతలో నా గొంతు నాకే వినపడలేదు. చెయ్యెత్తి ఆమె ముఖం పక్కనే ఊపాను.

పిన్ని కదల్లేదు. అంత దగ్గర మనిషి చెయ్యి ఊపుతుంటే ఈగంత అలికిడైనా తెలియనట్టు ముందుకే చూస్తోంది. ఆమెకి నేనక్కడ లేను.

రొట్టెలాయన చూశాడు. ఆమె మీదుగా తొంగి, గడ్డం ఎగరేసి "ఏమిటి?" అని సైగ చేశాడు.

నేను తల అడ్డంగా ఊపాను. ఏం లేదని.

ఎందుకలా చేశానో ఇప్పటికీ చెప్పలేను. జెండా కిందికి దిగింది. అందరూ వెళ్లిపోయారు.

మొదటి చుట్టు అయ్యేదాకా నేను కంకర దిబ్బ మీద నిలబడే ఉన్నాను. అందరికంటే చివర రెండు బండ్లు వచ్చాయి, పిన్ని, రొట్టెలాయన. రెండో చుట్టూ అంతే. నేను అనవసరంగా భయపడ్డాననిపించడం మొదలైంది. పక్కన లెక్కల మాష్టారు టైము రాసుకుంటూ, "మీ పిన్ని ఈసారి బాగా తోలుతోందమ్మా, ఆఖరమ్మ పేరు మార్చాలేమో" అన్నాడు.

మూడో చుట్టులో బండరాళ్ల సందు ముందు రొట్టెలాయన వేగం పెంచి కుడివైపు నుంచి ఆమెని దాటబోయాడు. బండి ముందు చక్రం ఆమె మోకాలి దాకా వచ్చేసింది. ఎవరైనా చూస్తారు. పిన్ని చూడలేదు. సందులోకి దిగడానికి కుడివైపే తిప్పింది. ఆయన బండి బండరాయికి కొట్టుకుంది. ఆయన దాని మీదుగా ఎగిరి కంకర వాలులో పడి, పడ్డవాడు ఆగకుండా కిందిదాకా దొర్లాడు. ఆ చప్పుడు దిబ్బ మీదికి కాస్త ఆలస్యంగా వచ్చింది.

మేం వెళ్లేసరికి ఆయన వెల్లకిలా ఉన్నాడు. కుడి భుజం ఉండాల్సిన చోట లేదు. మోచేతి కింద ఎముక వంగిపోయి ఉంది. పళ్ల డాక్టరు బండి పడేసి వచ్చి ఆయన చొక్కా కత్తిరిస్తున్నాడు.

"కుడివైపు నుంచి దాటుతావా సందు ముందు? బుద్ధుందా నీకు?"

"తప్పు నాదే" అన్నాడు రొట్టెలాయన, పంటి బిగువున. "చెల్లెమ్మనేం అనకండి. చోటు లేనిచోట దూరాను."

అందరూ అవునన్నారు. ఎవరో పిన్ని భుజం తట్టి, నీళ్లు తాగమన్నారు. అంతటితో అయిపోయేది.

పిన్ని హెల్మెట్టు తీసి నేల మీద పెట్టింది.

"ఆయన తప్పు కాదు. నాకు కుడి కన్ను కనపడదు."

 డాక్టరు చేతిలో కత్తెర ఆగిపోయింది. "దుమ్ము పడిందా?" అన్నాడు.

"రెండేళ్ల నుంచి కనపడటం లేదు."

"చార్టు చదివావుగా. నేనే సంతకం పెట్టానుగా."

"రోజూ చూపించే చార్టు డాక్టరుగారూ. కళ్లు మూసుకున్నా చదువుతాను."

నేలమీద పడున్న రొట్టెలాయన తల తిప్పి ఆమెని చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే బాగుండేది. తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. గుంపులోంచి ఒకాయన, కిందటేడు వెనక్కి పంపిన ఆ కరెంటు పనివాడే, కొత్త కళ్లజోడు తీసి తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లాక బాబాయి అంతా విన్నాడు. చెయ్యి వేసి మిషను చక్రం ఆపాడు.

"సూదిలో దారం ఎక్కించమంటే ఎప్పుడూ చేతులు ఖాళీ లేవంటావు. నా మీద విసుగనుకున్నాను" అన్నాడు.

పిన్ని తల వంచుకుంది. "కనపడదని చెప్తే షాపు మానిపిస్తారు. పందెం మానిపిస్తారు. తర్వాత ఈ గదిలో కూర్చుని నేనేం చేయను?"

"నాతో కూర్చునేదానివి" అన్నాడు బాబాయి. ఆయన గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

కంటి ఆసుపత్రిలో, లోపలి ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందన్నారు. కుడి కన్ను ఇక రాదు. చుక్కల మందు వేస్తే ఎడమ కన్ను నిలుస్తుంది, ఇంకో ఏడాది ఆలస్యమైతే అదీ పోయేదట. షాపు యజమాని ఆమెని పరీక్షల గదిలోంచి తీసేసి ఫ్రేములమ్మే చోట కూర్చోబెట్టాడు. బండిని పిన్నే ఎవరికో ఇచ్చేసింది.

రొట్టెలాయనకి రెండు ఆపరేషన్లయ్యాయి. పిండి పిసికే చెయ్యి అది. మూడు నెలలు కదపకూడదన్నారు. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు తెల్లవారుతుండగానే పిన్ని రొట్టెల షాపుకి వెళ్లింది, పక్కన నేను. ఆయన భార్య తలుపు తీసి మమ్మల్ని చూసి, దారివ్వనూ లేదు, పొమ్మననూ లేదు. లోపల గోనెసంచి మీద కూర్చున్న రొట్టెలాయన "రానీయవే, పిండి ఉబ్బిపోతోంది" అన్నాడు.

అప్పట్నుంచి రోజూ షాపుకి వెళ్లేముందు పిన్ని అక్కడ పిండి పిసుకుతుంది. ఆయన కట్టు వేసిన చేత్తో కూర్చుని చెబుతాడు, ఇంకాస్త నీళ్లు, అరచేతి మొదలుతో నొక్కు, చీమని చంపుతున్నట్టు కాదు. ఆయన భార్య మాత్రం పిన్నితో ఒక్క మాట మాట్లాడలేదు. తొమ్మిది రోజులు.

ఒకరోజు పిన్ని నీళ్లకోసం వెళ్లినప్పుడు, గుండె చిక్కబట్టుకుని ఆయనతో అన్నాను. "మామయ్యా, ఆవేళ నాకు ముందే తెలుసు. గీత దగ్గర మీరడిగారు కదా."

ఆయన నా వైపు తిరగలేదు. "అడిగాను. నువ్వు తల ఊపావు. ఏం లేదు కాబోలనుకున్నాను" అన్నాడు. అంతే. తిట్టలేదు. నేను ఆ రోజు క్లాసుకి వెళ్లలేకపోయాను.

పదో రోజు ఆవిడ పొయ్యిలోంచి తీసిన రొట్టెల ట్రే తెచ్చి బల్ల మీద పిన్నికి కుడివైపు పెట్టింది. పిన్ని పిండి తీసుకోబోయి తిరిగింది. మోచెయ్యి తగిలి ట్రే బోర్లాపడింది. పద్దెనిమిది రొట్టెలు నేల మీద.

పిన్ని వంగబోయి ఆగిపోయింది. ఎక్కడెక్కడ పడ్డాయో ఆమెకి సగమే తెలుస్తోంది. చేతులు పిండితో గాల్లో ఉండిపోయాయి. ఆవిడ ఆ చేతుల్ని, ఆ ముఖాన్ని చూసింది. గోడవైపు దొర్లిన రొట్టెలన్నీ తనే ఏరింది. రెండో ట్రే తెచ్చి, బల్ల చుట్టూ తిరిగి, పిన్నికి ఎడమ చేతివైపు పెట్టింది.

"ఇటు పెడతాను ఇకనుంచి" అంది. "ముందే చెప్పొచ్చుగా వదినా."

పిన్ని తల వంచి మళ్లీ పిండి నొక్కడం మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గర, మిగతావి ఏరి, ఒడినిండా మట్టి అంటిన రొట్టెలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ మాట నన్నూ అడిగినట్టే ఉంది.