గువామ్ ఆంటీకి తొమ్మిది సాయంత్రాలు

చపాతీ పిండి కలుపుతుండగా ఫోన్ మోగింది. చేతులకు పిండి అంటుకుని ఉండటంతో స్పీకర్ నొక్కమని మా ఆయనకు చెప్పాను. అవతల గువామ్ ఆంటీ కూతురు. అమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందని, ఇంటినిండా మనుషులున్నారని చెప్పింది. మా ఆయన పొయ్యి కట్టేశాడు. నేను పిండి మీద గిన్నె బోర్లించాను.

గువామ్ అనే దీవి పసిఫిక్ సముద్రంలో ఉందని, సౌదీలోని ఈ జుబైల్‌లో మా పై అంతస్తులోకి ఆంటీ వచ్చేదాకా నాకు తెలియదు. అక్కడ మొదటినుంచీ ఉన్నవాళ్లను చమోరోలు అంటారు. ఆంటీ వాళ్లలో మనిషి. అంకుల్ ఇక్కడి ప్లాంట్లలో వెల్డింగు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ మొదటిసారి మా గడపలోకి వచ్చింది ఆషాఢమాసంలో. బిల్డింగులోని మన ఆడవాళ్లకు నేను కోనుతో మైదాకు పెడుతున్నాను. ఆంటీ నవ్వుతూ వచ్చి కుడిచెయ్యి బోర్లించి నా ముందుకు చాపింది. పెట్టమంటోందనుకుని, కూర్చోబెట్టి మణికట్టుదాకా పువ్వుల తీగ వేశాను. ఆవిడ కదలకుండా పెట్టించుకుంది. వెతుక్కుంటూ వచ్చిన అంకుల్ ఆ చెయ్యి చూసి పడీపడీ నవ్వాడు. వాళ్ల దీవిలో పెద్దవాళ్లు చెయ్యి చాపితే చిన్నవాళ్లు వంగి, ఆ చేతి వెనుక ముక్కు ఆనించి, ఆడవాళ్లనైతే ‘న్యోరా’ అని పలకరించాలట. అది వాళ్ల దండం.

"ఏందే, అడగకుంటనే ఆమె చెయ్యంత ఎర్రగ జేసినవ్?" అని మా ఆయన నాలుగు రోజులు వెక్కిరించాడు.

అప్పటినుంచి మెట్ల మీద ఎదురైతే ముక్కు ఆనించేదాన్ని. "ఇవాళ పువ్వు లేదా బిడ్డా?" అనేది. మా ఆయన మా అమ్మాయిని పిలుస్తుంటే విని ‘బిడ్డా’ నేర్చుకుంది. మిగతా మాటలన్నీ ఆవిడ ఇంగ్లీషు, నా పదో తరగతి ఇంగ్లీషు కలిసినవి. ఇక్కడ నా భాషలో రాస్తున్నాను.

శనివారం నేను నీచు ముట్టనని గుర్తుపెట్టుకుని, ఆ రోజు వంకాయలు కాల్చి కొబ్బరిపాలు, నిమ్మరసం, పచ్చిమిర్చి వేసి తెచ్చేది. వాళ్లింట్లో తిన్నాక చేతులూపుకుంటూ వస్తే ఒప్పుకునేది కాదు. "ఉత్తచేతులతో పోతే నా వంట బాగాలేదని ఊరంతా అనుకుంటుంది" అని డబ్బా నింపి ఇచ్చేది. ఊరంటే మా నాలుగంతస్తులే.

సముద్రం ఒడ్డుకు పోయినప్పుడు, ఇళ్లు దాటి ఖాళీ నేల రాగానే ఆగి, పెదవులు కదిపేది. ఏమంటున్నారని అడిగాను. "అవ్వా, తాతా, మీ జాగాలోంచి పోతున్నాం, తప్పు పట్టకండి అంటున్నాను. మనకంటే ముందు ఇక్కడ ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా" అంది. ధర్మపురి నరసింహస్వామికి మొక్కే నాకు ఆ మాట పరాయిదిగా అనిపించలేదు.

తర్వాత నితాఖత్, అంటే ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే రూలు, గట్టిపడింది. వెంట ఉన్న కుటుంబం మీద నెలనెలా ఫీజు పెట్టారు. బిల్డింగులో ఒక్కొక్క ఇల్లే సామాను అమ్ముకుని వెళ్లిపోయింది. అంకుల్ కంపెనీలో సౌదీలు చాలినంతమంది లేరని దాన్ని ఎరుపు జాబితాలో వేశారు. ఎరుపులో పడితే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, రెన్యూ కాదు. ఇఖామా లేక, దేశం దాటడానికి కావలసిన ఎగ్జిట్ వీసా కూడా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆంటీకి గుండె జబ్బు బయటపడింది.

ఒక సాయంత్రం మెట్ల మీద ఆయాసపడుతూ కూర్చుంది. నేను నీళ్లిచ్చి పక్కన కూర్చున్నాను. వాళ్ల దగ్గర మనిషి పోతే తొమ్మిది సాయంత్రాలు ఊరంతా వచ్చి జపమాల తిప్పుతూ మరియమ్మ ప్రార్థన చెప్తారట. చుట్టాలు వండుతారు, వచ్చినవాళ్లు తింటారు, మర్నాడు మళ్లీ వస్తారు.

"పోవడానికి భయం లేదు బిడ్డా. ఇక్కడ పోతే నా తొమ్మిది సాయంత్రాలు ఎవరు కూర్చుంటారు?"

"నేను కూర్చుంటాను ఆంటీ. మీ ప్రార్థన నాకు రాదు. నాకొచ్చినది చెప్తాను."

ఆవిడ నీళ్లు తాగి, "సరే, నీకొచ్చినదే చెప్పు" అంది.

అప్పుడు ఆ మాట నిలబెట్టుకోవాల్సిన అవసరం రాలేదు. కంపెనీ ఎరుపులోంచి బయటపడింది, ఎగ్జిట్ వచ్చింది, ఆంటీ తన దీవికి చేరింది. తర్వాత వీడియో కాల్స్‌లోనే ఆ దీవి నాకు పరిచయమైంది. గింజల రంగుతో ఎర్రగా వండిన అన్నం, పండగకు కొబ్బరాకులతో అల్లిన పందిరి, తుఫాను ముందు కిటికీలకు కొట్టే రేకులు. పిల్లలు వరసగా వచ్చి ముక్కు ఆనిస్తుంటే ఆంటీ ఫోన్ వాళ్ల వైపు తిప్పి, "చూడు, వీళ్లకు తెలుసు" అని ఏడిపించేది.

పోయిన కబురు చెప్పిన రోజే వాళ్లమ్మాయి ఇంకో మాట చెప్పింది. తన తొమ్మిది సాయంత్రాలకు జుబైల్ బిడ్డకు కూడా కుర్చీ వెయ్యమని ఆంటీ ముందే చెప్పి పెట్టిందట.

వాళ్ల సాయంత్రం మాకు మిట్టమధ్యాహ్నానికి ముందు. వంట ముగించి, స్నానం చేసి, దీపం పెట్టి, వీడియో కాల్ కలిపి ఫోన్ ముందు కింద కూర్చునేదాన్ని. వాళ్ల వాకిట్లో టార్పాలిన్ కింద మడత కుర్చీలు, చివరి వరసలో అరటి చెట్ల పక్కన నాది. వాళ్లు వాళ్ల భాషలో చెప్తుంటే నేను నరసింహస్వామి పేరు తలుచుకునేదాన్ని. ఎంత జనం వచ్చినా ఆ కుర్చీ జోలికి ఎవరూ పోలేదు.

తొమ్మిదో సాయంత్రం అక్కడ వాన దంచింది. ఆరుబయట ఉన్నవాళ్లంతా టార్పాలిన్ కిందకి జరిగారు. ప్రార్థన మొదలయ్యాక ఒక ముసలావిడ తడుస్తూ కర్రతో వచ్చింది. ఎక్కడా చోటు లేదు. ఆంటీ కూతురు లేచి నా కుర్చీ వైపు, తర్వాత ఫోన్‌లో నా వైపు చూసింది.

కూర్చోబెట్టమని చెయ్యి చూపించాను.

ముసలావిడ కుర్చీ తడిని కొంగులాంటి శాలువాతో తుడిచి, మెల్లగా ఎక్కి కూర్చుంది. ఒళ్లో జపమాల పెట్టుకుని గొంతు కలిపింది. వాన చప్పుడులో ఆమె గొంతు నాకు వినపడలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆమె కాళ్లు నేలకు అందక, ప్రార్థనతో పాటు మెల్లగా ఊగుతున్నాయి.